లినక్సు కెర్నెల్ అమరికలు: వాని పొందిక

ఒక విద్యార్థి పేరు పాఠశాలలో ఎన్ని పుస్తకములలో వ్రాయబడునో ఎప్పుడైనను లెక్కించితిరా? ప్రవేశ రిజిస్టరులో ఒకమాఱు, హాజరు పట్టికలో ఒకమాఱు, ఫీజు పుస్తకములో ఒకమాఱు, గ్రంథాలయపు చిట్టాలో మఱియొకమాఱు. ప్రవేశ రిజిస్టరులో పుట్టిన తేది జూన్ 7 అనియు, పరీక్షకు పంపిన పట్టికలో జూలై 6 అనియు ఉన్నచో ఆ పొరపాటు వ్రాసిన దినమున ఎవరి కంటను పడదు. పదియేండ్లకు ఆ పిల్లవాడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్ననాడు బయటపడి, అతని తండ్రి కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. ఆ రెండు పుస్తకములలో ఏది తప్పు అనునది చిన్న ప్రశ్న. ఒకే సంగతిని రెండు తావుల ఏల వ్రాసితిమి, ఆ రెంటిని సరిచూచు భారము ఎవరిది అనునది పెద్ద ప్రశ్న. కంప్యూటరు లోపలను ఇదే ప్రశ్న పుట్టుచున్నది. అది ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు తీర్చిరో, ఎచ్చట నేటికిని తీరకయున్నదో లినక్సు అను ఆపరేటింగు సిస్టమును ఉదాహరణముగా గైకొని చెప్పుదును.

బాదముకాయకు పైన పెంకును లోపల పప్పును ఉండును. ఆంగ్లమున పెంకును షెల్ అనియు, పప్పును కెర్నెల్ అనియు అందురు. ఆపరేటింగు సిస్టములకు ఈ పేళ్లు పెట్టినవారు ఈ పోలికనే మనసున ఉంచుకొనిరి. మనము ఆజ్ఞలు టైపు చేయునది షెల్. జ్ఞాపకశక్తిని పంచిపెట్టుట, డిస్కుపై వ్రాయుట, నెట్వర్కునుండి వచ్చిన ప్యాకెట్లను పుచ్చుకొనుట మొదలగు పనులను చేయునది కెర్నెల్. లినస్ టోర్వాల్డ్సు హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండి 1991 లో మొదలుపెట్టిన కెర్నెలే లినక్సు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నదియు అదియే. 2017 నవంబరు మొదలు లోకమునందలి 500 మిక్కిలి వేగవంతములైన కంప్యూటర్ల పట్టికలో ప్రతిదానిపైనను నడచుచున్నదియు అదియే.

జేబులోని ఫోనునకును, పెద్దగది నిండిన యంత్రమునకును ఒకే కెర్నెల్ సరిపడవలెనన్నచో అందు సవరించుకొన దగిన మీటలు పెక్కు ఉండక తప్పదు. ఎంత జ్ఞాపకము నిండిన పిదప డిస్కునకు వ్రాయవలెను? పలుకక యుండిన సంబంధమును ఎంతసేపు సహింపవలెను? ఒక ద్వారమున వచ్చిన ప్యాకెట్టును మఱియొక ద్వారమున పంపవచ్చునా? ఇట్టి ప్రశ్నలకు జవాబులే అమరికలు. నడచుచున్న యంత్రమును ఆపకయే వీనిని చదువుటకును మార్చుటకును ఏర్పడిన మార్గమునకు సిస్‌కంట్రోల్ అని పేరు. ఇది బర్క్లీ యూనిక్సునందు, 1993 లో వెలువడిన 4.4 బీఎస్‌డీ అను కూర్పులో, మొదట కనబడి పిమ్మట లినక్సులోనికి వచ్చెను.

లినక్సులో ఈ మీటలన్నియు ఫైళ్ల రూపమున కనబడును. ప్రాక్ అను డైరెక్టరీలో సిస్ అను డైరెక్టరీ కలదు. అందు కెర్నెల్, వీఎమ్, నెట్, ఎఫ్ఎస్ మొదలగు శాఖలు కలవు. ఒక్కొక ఫైలు ఒక్కొక అమరిక. ఫైలును చదివినచో ఇప్పటి విలువ కనబడును. అందు అంకె వ్రాసినచో అమరిక మాఱును. అయితే ఈ ఫైళ్లు డిస్కుపై ఎచ్చటను లేవు. మీరు చదువబోయిన క్షణమున కెర్నెల్ తన లోపలి విలువను అక్షరములుగా మార్చి చూపును, అంతే. కావున యంత్రమును ఆర్పినతోడనే మీరు వ్రాసినదియు పోవును. ఈ సంగతి మఱచినందున నేను పడిన పాటు ముందు చెప్పెదను.

మొదట ఈ గదికి రెండు తలుపులుండెను. లినక్సు 1.3.57 అను కూర్పులో ఫైళ్లతో పాటు సిస్‌కంట్రోల్ అను పేరితోనే ఒక సిస్టం కాల్ కూడ చేర్చబడెను. ఫైళ్ల దారిలో అమరికకు పేరుండును. సిస్టం కాల్ దారిలో పేరు లేదు, సంఖ్యల వరుస ఉండును. ఇంతలో కెర్నెల్ వ్రాయువారు లోకమంతట చెదరియున్నవారు. క్రొత్త అమరికను చేర్చిన ప్రతివాడును దానికొక పేరును, ఎవ్వరును వాడని ఒక సంఖ్యను ఈయవలసి వచ్చెను. పేళ్లు ఒకదానితో నొకటి తగులుట అరుదు. సంఖ్యలు సులభముగా తగులును. పైగా ఈ సంఖ్యల దారిని వాడు ప్రోగ్రాములు మిక్కిలి తక్కువ. కడపట 5.5 కూర్పులో, అనగా 2020 లో, ఆ తలుపును మూసివైచిరి. వాడుకలోనున్న ప్రోగ్రాములను చెడగొట్టరాదని పట్టుపట్టు టోర్వాల్డ్సుగారి కొలువులో ఒక సిస్టం కాలును తీసివేయుట చిన్న సంగతి కాదు. అయినను ఒకే విలువకు రెండు లెక్కలు పెట్టుకొని వానిని సరిచూచుచుండుటకంటె ఒకదానిని వదలుకొనుటయే మేలని వారికి తోచెను.

ఇక కెర్నెల్ లోపల ఏమి జరుగునో చూతము. ప్రతి అమరికకును ఒక పట్టికలో ఒక వరుస ఉండును. అందు అమరిక పేరు, విలువ నిలిచియున్న చోటు, ఎవరు చదువవచ్చును ఎవరు వ్రాయవచ్చును అను అనుమతి, వ్రాతను స్వీకరించు ఫంక్షను, కొన్నిటికి కనిష్ఠ గరిష్ఠ హద్దులు ఉండును. ఫంక్షను ద్వారపాలకుని వంటిది. 0 నుండి 1 వఱకు మాత్రమే చెల్లు అమరికలో 7 అని వ్రాసినచో చెల్లని విలువయని త్రిప్పి పంపును. పాత విలువ చెక్కుచెదరక యుండును.

కొలమానములను మార్చునదియు ఈ ద్వారపాలకుడే. కెర్నెల్ తన లోపల కాలమును సెకండ్లలో లెక్కింపదు. జిఫ్ఫీ అను చిన్న తుంపులలో లెక్కించును. సెకండునకు 100, 250, 300, 1000 అను నాలుగు లెక్కలలో ఏదైనను ఆ కెర్నెల్ తయారుచేసినవారు ఎన్నుకొందురు. కదలని టీసీపీ సంబంధమును పలుకరించి చూచుటకు ముందు వేచియుండవలసిన కాలము మామూలుగా 7200 సెకండ్లు. ఇది ఒక యంత్రములో 18,00,000 జిఫ్ఫీలు, మఱియొక యంత్రములో 72,00,000 జిఫ్ఫీలు కావచ్చును. అయినను ఫైలులో రెంట 7200 అనియే కనబడును. లోపలి లెక్కనే బయటపెట్టియుండినచో ఒక యంత్రపు అమరికల చిట్టాను మఱియొకదానికి నకలు చేసినవాడు నాలుగింతల పొరపాటు చేసియుండును. పాఠకులు ఒక చిన్న లెక్క వేసికొనవచ్చును. 7200 సెకండ్లు గడచిన పిదప 75 సెకండ్లకొకమాఱు చొప్పున 9 మాఱులు పలుకరించి, అప్పటికిని జవాబు రానియెడల సంబంధమును త్రెంచివేయుదురు. మొత్తము 7875 సెకండ్లు, అనగా 2 గంటల 11 నిమిషముల 15 సెకండ్లు. మూడు ఫైళ్లలోని మూడు అంకెలు కలిసిననే గాని ఈ ఒక్క జవాబు రాదు. ఒకదానిని మాత్రము మార్చినవాడు తాను మొత్తమును ఎంత మార్చెనో సామాన్యముగా ఆలోచింపడు.

విడదీయరాని జంటలు కొన్ని కలవు. మీ కంప్యూటరు బయటి యంత్రమును పిలుచునపుడు తనవైపు ఒక పోర్టు సంఖ్యను ఎన్నుకొనును. ఏ సంఖ్యనుండి ఏ సంఖ్యవఱకు ఎన్నుకొనవచ్చునో తెలుపు అమరిక మామూలుగా 32768, 60999. ఈ రెండు అంకెలును ఒకే ఫైలులో, ఒకే పంక్తిలో ఉండును. ఏలయన, వానిని రెండు ఫైళ్లుగా విడదీసినచో చిక్కు వచ్చును. 61000 మొదలు 65000 వఱకు మార్చదలచితిమనుకొందము. క్రింది హద్దును ముందు మార్చినచో అది పై హద్దును మించును గనుక ద్వారపాలకుడు ఒప్పుకొనడు. పై హద్దును ముందు మార్చవలెను. 10000 మొదలు 20000 వఱకు మార్చవలెనన్నచో క్రింది హద్దును ముందు మార్చవలెను. ఒకే పనికి ఒకనాడు ఒక వరుస, మఱునాడు వేఱొక వరుస! జంటను ఒకే వ్రాతలో ఇచ్చినచో ఈ చిక్కు లేదు. పై హద్దు క్రింది హద్దుకంటె తక్కువైనను, క్రింది హద్దు సామాన్యులు వాడరాని పోర్టుల మేర లోనికి వచ్చినను (ఆ మేర మామూలుగా 1024 కంటె తక్కువ సంఖ్యలు) కెర్నెల్ జంటను పూర్తిగా తిరస్కరించును.

వ్రాయువాని సంగతి ఇట్లు తీరెను. చదువువాని సంగతి ఏమి? ఈనాటి యంత్రములలో పెక్కు ప్రాసెసర్లు ఏకకాలమున పనిచేయును. ఒకటి 32768, 60999 అను జంటను 10000, 20000 గా మార్చుచుండగా మఱియొకటి నడుమ చదివినదనుకొనుడు. క్రొత్త క్రింది హద్దును పాత పై హద్దును చదివినచో 10000 మొదలు 60999 వఱకు అను, ఎవ్వరును కోరని మేర వచ్చును. పాత క్రింది హద్దును క్రొత్త పై హద్దును చదివినచో 32768 మొదలు 20000 వఱకు అను తలక్రిందుల మేర వచ్చును. దీనిని తప్పించుటకు వారు మొదట పెట్టిన ఏర్పాటు చమత్కారమైనది. జంట ప్రక్కన ఒక వరుస సంఖ్యను ఉంచిరి. వ్రాయువాడు మొదలుపెట్టునపుడు దానికి ఒకటి కూడును, ముగించినపుడు మఱియొకటి కూడును. కావున అది బేసిగా నున్నంతసేపు పని నడుచుచున్నదని అర్థము. చదువువాడు ముందు ఆ సంఖ్యను చూచి, జంటను చదివి, మరల సంఖ్యను చూచును. అది బేసియైనను, నడుమ మాఱినను, చదివినదానిని పాఱవైచి మొదటినుండి చదువును. చదువువాడు ఎవ్వరిని ఆపడు, ఎవ్వరిచేతను తాళము వేయింపడు. మార్పు ఏడాదికొకమాఱు, చదువుట క్షణమునకు వేలమాఱులు అయినచోట ఇది తగిన పద్ధతియే. తరువాత ఎవరికో ఇంతకంటె సులువైన సంగతి తోచెను. పోర్టు సంఖ్య 16 బిట్లలో ఇముడును గదా! రెంటిని ప్రక్కప్రక్కన చేర్చి 32 బిట్ల ఒకే మాటగా దాచినచో దానిని ఒక్క అడుగులో చదువవచ్చును, సగము చదువుట అనునదే ఉండదు. ఇప్పుడు అట్లే చేయుచున్నారు. ఏండ్ల తరబడి చక్కగా పనిచేసిన యుక్తిని తీసివేసి, యుక్తియే అక్కఱలేని ఏర్పాటును పెట్టినవారిని నేను ఎక్కువగా మెచ్చుకొందును.

ఒకే పరిమాణమును రెండు విధముల చెప్పనిచ్చినపుడు వేఱొక చిక్కు వచ్చును. ప్రోగ్రాములు డిస్కుపై వ్రాయుమన్నది వెంటనే వ్రాయబడదు. జ్ఞాపకమున ఉంచబడి పిదప వ్రాయబడును. ఇట్లు వ్రాయవలసియున్న పుటలను డర్టీ అందురు. ఇవి ఒక మేరను మించినచో కెర్నెల్ వ్రాయుచున్న ప్రోగ్రామును ఆపి ఉంచి, ఆ పుటలను డిస్కుపై వ్రాయును. ఈ మేరను డర్టీ_రేషియో అను ఫైలులో శాతముగా చెప్పవచ్చును. మామూలు విలువ 20. అది యంత్రములోని మొత్తము జ్ఞాపకమునకు శాతము కాదు, అప్పటికి ఖాళీగా నున్న పుటలు, తిరిగి రాబట్టుకొన దగిన పుటలు కలిసినదానికి మాత్రమే శాతము. యంత్రములు పెద్దవైన కొలదిని ఈ లెక్క మోటుబాఱెను. అట్టి జ్ఞాపకము 16 గిగాబైట్లున్నచోట ఒక్క శాతమనగా 160 మెగాబైట్లు! అంతకంటె సన్నని కొలత కావలసినవారికై డర్టీ_బైట్స్ అను మఱియొక ఫైలు పెట్టిరి.

అప్పుడు రెంటిలో ఏది చెల్లును? కెర్నెల్ చేసిన నిర్ణయము ఇది. ఎప్పుడైనను ఒకటియే చెల్లును. ఒకదానిలో వ్రాసినచో అది వెంటనే అమలునకు వచ్చును, రెండవది 0 గా కనబడును. డర్టీ_బైట్స్ లో 268435456 అని, అనగా 256 మెగాబైట్లని వ్రాసినచో డర్టీ_రేషియో 0 అగును. ఇది మంచి నియమమే. రెండు అంకెలు ఒకదానితో నొకటి పోరాడుచు నిలిచియుండుట తప్పినది. కాని ఈ నియమము తెలియని మఱియొక ఉద్యోగి మఱునాడు వచ్చి, డర్టీ_రేషియో 0 ఉన్నదేమి, ఎవరో చెఱిపినారని తలచి, సద్బుద్ధితో 20 అని వ్రాయును. తక్షణమే డర్టీ_బైట్స్ 0 అగును. మొదటివాని పని మాయమగును. ఇద్దఱిలో ఎవ్వడును తప్పు చేయలేదు, ఇద్దఱికిని దోషసూచన రాలేదు.

దీనికి తోడు వెనుకవాటు మేర యనునది యొకటి కలదు. అది దాటినచో ప్రోగ్రామును ఆపకయే కెర్నెల్ మెల్లగా వ్రాయ మొదలుపెట్టును. మామూలుగా 10 శాతము. ఇది పెద్ద మేరకంటె తక్కువ యుండవలెను. ఎవరైన 30 అని వ్రాసి పెద్ద మేరను 20 గానే ఉంచినచో? కెర్నెల్ ఆ వ్రాతను త్రిప్పి పంపదు. లెక్కకు వచ్చునపుడు పెద్ద మేరలో సగమును తీసికొనును. ఫైలులో మాత్రము 30 అనియే కనబడుచుండును. చూపు విలువ ఒకటి, నడచు విలువ వేఱొకటి. నా మట్టుకు ఇది పోర్టుల జంటకు చేసిన ఏర్పాటుకంటె తక్కువైనదని తోచుచున్నది. అచ్చట మొగముమీదనే కాదనిరి. ఇచ్చట తలయూచి తమ యిష్టము వచ్చినట్లు చేసిరి.

నెట్వర్కు శాఖలోని పొందిక ఇంకను కష్టమైనది. ఒక యంత్రమునకు పెక్కు ఇంటర్ఫేసులుండును గనుక ఒకే అమరిక ప్రతి ఇంటర్ఫేసునకును వేఱువేఱుగా ఉండును. అవిగాక ఆల్, డిఫాల్ట్ అను రెండు డైరెక్టరీలు కలవు. డిఫాల్ట్ లో వ్రాసినది ఇక ముందు పుట్టబోవు ఇంటర్ఫేసులకు మాత్రమే అంటును, ఉన్నవానికి అంటదు. ఆల్ అనగా అన్నియు అని ఎవరైనను అనుకొందురు. దానిలో వ్రాసినచో అన్నిటికిని వర్తించునని నేనును చాలకాలము నమ్మితిని. అది నిజము కాదు. ఐపీ నాలుగవ కూర్పులో ఆల్ విలువయు ఇంటర్ఫేసు విలువయు కలిసి తీర్పు చెప్పును. కలియు విధమో, అమరికకొక రీతి.

ఆర్పీ_ఫిల్టర్ అనునది ప్యాకెట్టు చెప్పుకొనిన బయలుదేరిన విలాసము నమ్మదగినదా అని పరీక్షించును. 0 అనగా పరీక్ష లేదు. 1 అనగా కఠిన పరీక్ష, అనగా ఆ విలాసమునకు జవాబు పంపవలసినచో ఇదే ఇంటర్ఫేసునుండి పోవలెను. 2 అనగా సడలింపు, అనగా ఏదో యొక ఇంటర్ఫేసునుండి పోగలిగిన చాలును. ఇచ్చట ఆల్, ఇంటర్ఫేసు రెంటిలో పెద్ద అంకె చెల్లును. ఆల్ లో 1 ఉండగా ఒక ఇంటర్ఫేసులో 0 అని వ్రాసి పరీక్ష మానిపించితినని సంతోషించుట వ్యర్థము. పెద్దది 1 గనుక పరీక్ష జరుగుచునే యుండును. ఆల్ లో 2 వ్రాసినచో కఠిన పరీక్ష యున్న ఇంటర్ఫేసులన్నియు సడలిపోవును. అంకె పెరిగినది, కాపుదల తగ్గినది! అనుమానపు విలాసములను చిట్టాకెక్కించు అమరికకు రెంటిలో ఏదియొకటి 1 అయిన చాలును. దారిని పంపువాడే నిర్ణయించిన ప్యాకెట్లను ఒప్పుకొను అమరికకు రెండును 1 కావలెను. ఐపీ ఆఱవ కూర్పులో ఆ కూర్పును మానిపించు అమరికను ఆల్ లో వ్రాసినచో అన్ని ఇంటర్ఫేసులకును నకలు చేయబడును. ఒకే మాట, ఇన్ని అర్థములు. పేళ్లు మార్చిన బాగుండునని ఎవరికైనను తోచును. కాని వీనిని నమ్ముకొని నడచుచున్న యంత్రములు లెక్కకు మించినవి గనుక మార్చు ధైర్యము ఎవ్వరికిని లేదు.

ఐపీ_ఫార్వర్డ్ అను అమరిక అన్నిటికంటె విచిత్రమైనది. 0 అయినచో యంత్రము సామాన్య గృహస్థు. 1 అయినచో అది తపాలా బంగళా వలె ఇతరుల ప్యాకెట్లను దారిపట్టించును. గృహస్థుల ధర్మములు వేఱు, రౌటర్ల ధర్మములు వేఱు గనుక దీని విలువ మాఱినపుడు కెర్నెల్ ఇతర అమరికలను కూడ తాకును. ఉదాహరణమునకు, దగ్గఱి దారి ఇది అని ఇతర యంత్రములు చెప్పు సలహాలను నమ్ముటను గూర్చిన యాక్సెప్ట్_రీడైరెక్ట్స్ ను చూడుడు. ఐపీ_ఫార్వర్డ్ ను 0 నుండి 1 చేసినచో ఆల్ లోని ఆ విలువ 0 అగును. 1 నుండి 0 చేసినచో అది 1 అగును. అంతియ కాదు, కలియు రీతియు మాఱును. రౌటరుగా నున్నప్పుడు ఆల్, ఇంటర్ఫేసు రెండును 1 అయిననే సలహాలు నమ్మబడును. గృహస్థుగా నున్నప్పుడు ఏదియొకటి 1 అయినను నమ్మబడును. కావున భద్రతకొఱకు మీరు 0 అని వ్రాసి సంతుష్టులై, మఱుసటి నెల రౌటరు పనిని మాన్పించినచో, మీరు ముట్టని అంకె తనంతట 1 అయి, మోసపు సలహాలకు తలుపు తెఱచును. ఐపీ_ఫార్వర్డ్ ను ముందు వ్రాసి, తక్కినవానిని దాని వెనుక వ్రాయవలెననుట ఇందువలననే.

ఇక నా పాటు. కొన్నియేండ్ల క్రిందట ఒక విద్యాసంస్థలో కంప్యూటరు గదిని చూచుకొను భారము నాపై ఉండెను. గదిలోని 30 యంత్రములును ఒక లినక్సు యంత్రము ద్వారా బయటి నెట్వర్కును చేరుచుండెను. దానిని నెలకొల్పిననాడు ఐపీ_ఫార్వర్డ్ లో 1 అని చేతితో వ్రాసితిని. పనిచేసెను. ఏడు నెలలు ఆపకుండ నడచెను. ప్రయోగ పరీక్షకు ముందటి రాత్రి కరెంటు పోయి, బ్యాటరీయు చాలక, యంత్రము ఆఱిపోయి తెల్లవాఱుజామున తనంతట లేచెను. ఉదయము చూడగా దీపములన్నియు వెలుగుచున్నవి, ఏ చిట్టాలోను దోషము లేదు, కాని ఒక్క ప్యాకెట్టును దాటుట లేదు. గంటసేపు తీగెలు పీకి పెట్టుచు గడపితిని. పరీక్షకు వచ్చిన పిల్లలు వరండాలో నిలువబడిరి. వారిలో కొందఱికి మధ్యాహ్నపు బస్సు తప్పిపోయి చీకటిపడిన పిదప ఇల్లు చేరిరని తరువాత విని సిగ్గుపడితిని. కారణము ఒక్క అంకె. నేను వ్రాసినది నడచుచున్న కెర్నెల్ లో మాత్రమే యుండెను. యంత్రము లేచునపుడు చదువు ఫైలులో లేదు.

వెంటనే ఫైలులో వ్రాసితిని. రెండు వారములకు యంత్రమును మరల ఆర్పి వెలిగింపగా మరల 0! ఈమాఱు కారణము వేఱు. యంత్రము లేచునపుడు అమరికల ఫైళ్లను పెక్కు డైరెక్టరీలనుండి ప్రోగుచేసి, ఏ డైరెక్టరీలోనిదో చూడక, ఫైలు పేరు యొక్క అకారాది క్రమమున చదువును. ఒకే అమరిక రెండు ఫైళ్లలో ఉన్నచో తరువాతి ఫైలు మాటయే నెగ్గును. ఒకే పేరుగల ఫైలు రెండు డైరెక్టరీలలో ఉన్నచో ఈటీసీ లోని ఫైలు తక్కినదానిని పూర్తిగా కప్పివేయును. నా ఫైలు పేరు 50 తో మొదలగుచుండెను. భద్రతా సూత్రముల పట్టిక నొకదానిని చూచి నాతోడి ఉద్యోగి పెట్టిన ఫైలు 90 తో మొదలగుచు, అందు ఐపీ_ఫార్వర్డ్ 0 అని యుండెను. నేను తెలివిగా నా ఫైలునకు 100 అని పేరు మార్చితిని. అప్పటికిని 0 యే. విద్యార్థులు ఊహింపగలరు. అక్షరక్రమములో 1 అను అక్షరము 5 కంటెను 9 కంటెను ముందు వచ్చును గనుక, 100 అను పేరు 50 కంటె ముందే చదువబడును. కడకు ఆ ఉద్యోగియు నేనును ప్రక్కప్రక్కన కూర్చుండి రెండు ఫైళ్లను ఒకటిగా చేసి, ప్రతి పంక్తికిని పైన ఎవరు, ఏనాడు, ఏల వ్రాసిరో వ్రాసితిమి.

ఫైలులో ఉన్నను అమలునకు రాని సందర్భమొకటి కలదు. కెర్నెల్ లోని కొన్ని భాగములు అవసరమైనపుడు మాత్రమే ఎక్కింపబడును. వాని అమరికలు అవి ఎక్కిన పిదపనే పుట్టును. బ్రిడ్జి మీదుగా పోవు ప్యాకెట్లను ఫైర్‌వాలునకు చూపు అమరిక ఇట్టిది. యంత్రము లేచు తొలి నిమిషమున ఆ ఫైలే లేదు గనుక వ్రాత విఫలమగును. పిదప భాగము ఎక్కి, తన మామూలు విలువతో నిలుచును.

ఇతరుల ఫైళ్లను నకలు చేయుటవలన కలిగిన నష్టమునకు టీసీపీ_టీడబ్ల్యూ_రీసైకిల్ కథ చాలును. ముగిసిన సంబంధముల గుర్తులను త్వరగా చెఱిపి చోటు మిగుల్చుట దాని పని. ఇందులకై కెర్నెల్ ప్రతి విలాసమునుండి కడపట వచ్చిన కాలపు గుర్తును జ్ఞాపకముంచుకొని, అంతకంటె పాత గుర్తుతో వచ్చిన క్రొత్త పిలుపును పలుకక పాఱవైచుచుండెను. ఒక విలాసమునకు ఒకే యంత్రమున్నచో ఇది సరియే. కాని ఒక కచేరీలోని, ఒక వసతిగృహములోని యంత్రములన్నియు బయటికి ఒకే విలాసముతో పోవుట వాడుక గదా! వాని గడియారపు గుర్తులు ఒకదానితో నొకటి కలియవు. కావున ఒక విద్యార్థికి పేజీ వచ్చును, ప్రక్కవానికి రాదు, కొంతసేపటికి తాఱుమాఱగును. సర్వరును వేగిరపఱచు ఉపాయమని ఈ పంక్తిని ఒకరినుండి ఒకరు నకలు చేసికొనిరి. 2017 లో 4.12 కూర్పున దానిని తీసివైచిరి. అప్పుడు ఆ పాత పంక్తిని మోసికొని వచ్చిన ఫైళ్లు, అట్టి ఫైలు లేదని క్రొత్త కెర్నెల్ నుండి దోషసూచన పొందజొచ్చెను. దానిని చూచి, అసలు ఆ పంక్తి తమయొద్ద ఉన్నదని అప్పుడే తెలిసికొన్నవారును కలరు.

పరీక్ష దినపు అనుభవము పిదప నేను ఒక అలవాటు చేసికొంటిని. సెలవు దినమున యంత్రమును కావలెనని ఆర్పి వెలిగించి, సిస్‌కంట్రోల్ ఆజ్ఞతో అమరికలన్నిటిని ఒక ఫైలులోనికి దించి, మునుపటి నెల దించినదానితో పంక్తికి పంక్తి పోల్చుదును. కొన్ని సహజముగా మాఱునవి. యంత్రము లేచిన ప్రతిమాఱును క్రొత్తగా పుట్టు గుర్తింపు సంఖ్య, తెఱచియున్న ఫైళ్ల లెక్క మొదలగునవి. వానిని తీసివేయగా మిగిలిన పంక్తులను చదువుదును. మొట్టమొదట అట్లు పోల్చిననాడు నాలుగు పంక్తులు మిగిలెను. మూటికి కారణము మా ఫైలులో వ్రాసియుండెను. నాలుగవది స్వాపినెస్, అనగా జ్ఞాపకమునుండి పుటలను డిస్కునకు ఎంత తొందరగా తరలింపవలెనో చెప్పు అమరిక. మామూలుగా 60 ఉండవలసినది 10 ఉండెను. ఎవ్వరిని అడిగినను తాము వ్రాయలేదనిరి. దానిని 60 చేసి, ప్రక్కన తేది వేసి, కారణము తెలియలేదని వ్రాసియుంచితిమి.